చావుకొండ దిగుతుంటే ఆరని లైటు

దినోరా ఉరేన్యా కారు నడపడం నేర్చుకున్నది యాభై దాటాక. అంతవరకు ఆమె మా సాన్ ఇసిద్రో బడి వంటగదిలో పిల్లలకు అన్నం, చిక్కుడుగింజలు వండేది. గుండిగ ఎంత పెద్దదైనా, కింద మంట ఎంత ఎగసినా బెదిరేది కాదు. స్టీరింగ్ పట్టిన మొదటిరోజు మాత్రం అరచేతుల చెమటకు అది జారిపోతుంటే, మెడ చుట్టూ ఉన్న తువ్వాలుతో తుడుచుకుంటూ నడిపింది. నేను వాళ్ళ పక్కింటిదాన్ని. ఆ పాఠాలన్నీ మా గోడ పక్కనే జరిగాయి.

నేర్పినవాడు ఆమె భర్త ఒల్మన్. బతుకంతా లారీ మీద గడిపిన మనిషి. పనామా సరిహద్దు నుంచి రాజధాని వరకు ఆ రోడ్డులో ఆయనకు తెలియని గుంత లేదు. చక్కెర జబ్బు ముందు కుడికన్ను తీసుకుపోయింది, తర్వాత ఎడమకంటికి మసక పెట్టింది. లారీ అమ్మేసి, పరాయిదేశంలో ఎవరో వాడి వదిలేసిన చిన్న కారొకటి కొన్నాడు. తను నడపలేడు. బస్సు ఎక్కమంటే ఎక్కడు, బస్సు డ్రైవర్ల మీద ఆయనకు నమ్మకం లేదు. మిగిలింది దినోరా.

"క్లచ్ మెల్లగా వదలండి" అనేవాడు.

"వదిలానుగా."

"వదల్లేదు. తన్నారు."

మా వైపు మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు మీరు అనే అనుకుంటారు, తిట్టుకునేటప్పుడు కూడా. ఆ ఇంట్లో ఆ మీరుకి కాస్త పదును ఎక్కువ.

ఊళ్ళో నడపడం వరకు బాగానే ఉండేది. కానీ కంటి డాక్టర్లు రాజధాని సాన్ హొసేలో ఉన్నారు. అక్కడికి పోవాలంటే చావుకొండ ఎక్కి దిగాలి. ఆ కొండ మీదికి రోడ్డు లేని కాలంలో మా తాతలు పందుల్ని తోలుకుంటూ కాలినడకన దాటేవారట. దారిలో చలికి కొయ్యబారి పోయినవాళ్ళు ఎందరో. దినోరా తాతగారి తమ్ముడు ఒక బండ మీద కాసేపు కూర్చుంటానని కూర్చున్నాడట. తిరుగు ప్రయాణంలో అన్నగారికి అక్కడే, కూర్చున్నది కూర్చున్నట్టే గడ్డకట్టి కనిపించాడట. చిన్నప్పుడు ఈ కథ వినిపించి అన్నం తినిపించేవాళ్ళని దినోరా చెప్పేది. ఆ కొండనే ఇప్పుడు నెలనెలా మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని దాటాల్సి వచ్చింది. ప్రయాణం ముందురోజు ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఆ లైటు మొదటిసారి వెలిగింది కొండ పైభాగంలోనే. చెట్లన్నీ గిడసబారిపోయి, నేలంతా పొదలే మిగిలే చోట, స్టీరింగ్ వెనక ఒక పసుపు గుర్తు మెరిసింది.

"ఏదో కుండలాంటి బొమ్మ. మధ్యలో ఒక గీత, కింద చుక్క. కుండ కారిపోతున్నట్టుంది" అని ఆమె మొగుడికి చెప్పిందట.

ఒల్మన్ ఆలోచించి, "టైర్లో గాలి తగ్గిందని చెప్పే లైటు. ఈ బొమ్మకార్లకి అదొక రోగం. పదండి" అన్నాడు.

ఆమె పోలేదు. పక్కనున్న పూటకూళ్ళ ఇంటి ముందు ఆపి, దిగి, నాలుగు టైర్లనీ కాలితో తన్ని చూసింది. గట్టిగానే ఉన్నాయి. మళ్ళీ బయల్దేరి, అవతలి వాలులో ఎండ తగిలే ఊళ్ళ దాకా దిగేసరికి లైటు దానంతటదే ఆరిపోయింది. తిరుగుదారిలోనూ అంతే. పైన వెలిగింది, కిందికొచ్చాక ఆరింది.

మా ఊళ్ళో టైర్ల కొట్టు నడిపే చేపే అనేవాడు గేజి పెట్టి చూసి నవ్వాడు. "దోన్యా, ఏమీ లేదు. ప్రతి చక్రంలోనూ లోపల ఒక చిన్న యంత్రం ఉంటుంది, గాలి ఎంతుందో అది చూసి పైకి చెబుతుంది. పైన చలికి లోపలి గాలి ముడుచుకుంటుంది. అది చూసి ఇది జడుసుకుంటుంది. మీలాగే."

"నాలాగా అంటే?"

"మీరూ చలికి జడుస్తారని డోన్ ఒల్మన్ చెప్పారు."

మా వైపు పెద్దవాళ్ళని మర్యాదకి ఆడవాళ్ళైతే దోన్యా, మగవాళ్ళైతే డోన్ అంటారు. చేపే కాస్త గాలి కొట్టి పంపాడు. తర్వాతి నెల మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది. అప్పటినుంచి ఆ లైటు వాళ్ళ ప్రయాణంలో ఒక భాగమైపోయింది. వెలగగానే దినోరా "వచ్చింది" అనేది. ఒల్మన్ "చలి" అనేవాడు. కొండ దిగుతూ, దివిసియోన్ ఊరు దాటేలోపు అది ఆరిపోయేది. ఆరిన ప్రతిసారీ ఆమె శిలువ గుర్తు వేసుకునేది. ఒకచేత్తో వేసుకోండి, రెండో చెయ్యి స్టీరింగ్ మీద ఉంచండి అని ఆయన అనేవాడు. చూపు లేకపోయినా ఆమె ఏం చేస్తున్నదో ఆయనకు తెలిసేది.

అక్టోబరులో నేనూ వాళ్ళతో వెళ్ళాను. మా చెల్లెలు సాన్ హొసేలో ఉంటుంది, దానికి ఒంట్లో బాగాలేక చూసిరావడానికి. పొద్దున వెళ్ళేటప్పుడు ఆకాశం తేటగా ఉంది. వెనక సీట్లో కూర్చుని జున్ను పెట్టిన మొక్కజొన్న రొట్టెలు పంచాను. లైటు వెలిగింది, ఆరింది, నాకు కూడా చూపించారు. ఆస్పత్రిలో ఒల్మన్ కంటికి సూది వేశారు. కట్టు కట్టారు, ఉన్న ఆ మసక చూపు కూడా ఆ రోజుకి లేదు. తిరిగి బయల్దేరడం ఆలస్యమైంది. కొండ మీదికి వచ్చేసరికి మధ్యాహ్నపు పొగమంచు దిగిపోయింది.

ఆ పొగమంచు ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ముందు రోడ్డు అంచు పోతుంది, తర్వాత మధ్యగీత పోతుంది, చివరికి కారు ముక్కు కూడా అనుమానంగానే కనిపిస్తుంది. ఎదురుగా వచ్చే లారీ మొదట ఒక చప్పుడు, తర్వాత రెండు పసుపుపచ్చని మరకలు, ఆపైన ఒక గోడలా పక్కనుంచి పోతుంది. దినోరా ముందుకు వంగి, గడ్డం స్టీరింగ్‌కి ఆనేలా కూర్చుని నడుపుతోంది.

లైటు వెలిగింది.

"వచ్చింది."

"చలి."

అందరం ఊరుకున్నాం. పైనుంచి దిగడం మొదలైంది. ఓక్ చెట్ల అడివి రెండుపక్కలా నల్లగా కదిలిపోతోంది. చెవులు మూసుకుపోయి తెరుచుకున్నాయి. చలి తగ్గుతున్నట్టు నాకే తెలిసింది, శాలువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. దివిసియోన్ ఇళ్ళు మసగ్గా కనిపించి వెనక్కి పోయాయి.

దినోరా శిలువ గుర్తు వేసుకోలేదు.

"ఆరిందా?" అన్నాడు ఒల్మన్.

"లేదు."

"ఆరుతుంది."

ఇంకో మలుపు, ఇంకో మలుపు. దినోరా కళ్ళు రోడ్డు మీదికీ ఆ గుర్తు మీదికీ పోయి వస్తున్నాయి. నేను కూడా సీట్ల మధ్యనుంచి ముందుకు వంగి దాన్నే చూస్తున్నాను. ఎంత చిన్న వెలుగది. పొద్దున దాన్ని చూసి నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడంలేదు.

"ఇక్కడ చలి లేదు" అంది దినోరా.

"లోపలి గాలి ఇంకా వేడెక్కలేదు."

"శాలువా తీసేసింది ఆవిడ. మనుషులు వేడెక్కారు, టైరు వేడెక్కలేదా?"

"మాట్లాడుతూ నడపకండి."

అప్పుడు కారు వెనకభాగం ఒకసారి పక్కకి ఊగింది. కొద్దిగానే. తడిరోడ్డు మీద ఎవరో వెనకనుంచి చెయ్యి వేసి నెట్టినట్టు. ఆమె వేగం తగ్గించింది. ఊగడం ఆగలేదు, నెమ్మదిగా అయింది, అంతే. కిందనుంచి దబదబమని ఒక మెత్తటి చప్పుడు మొదలైంది.

"ఆపుతున్నాను" అంది.

"ఆపకండి."

"టైరు పోయింది. మీకు వినపడటంలేదా?"

"వినపడుతోంది. నాకు మీకన్నా ముందే వినపడింది. ఆపకండి."

ఆ గొంతు నేను ముందెన్నడూ వినలేదు. మా వీధిలో అందరినీ ఆటపట్టించే మనిషి గొంతు కాదది. దినోరా కూడా తిరిగి చూసింది. ఆయన రెండుచేతులతో ముందున్న డాష్‌బోర్డుని పట్టుకుని ఉన్నాడు.

"రోడ్డు చూడండి" అన్నాడు.

"ముందే వినపడితే చలి అని ఎందుకన్నారు?"

కుడిపక్క లోయ. ఆ రోడ్డుకి ఆ భాగంలో పక్కకు తీసి ఆపడానికి చోటు లేదు, తెల్లగీత దాటితే గడ్డి, గడ్డి దాటితే ఏమీ లేదు. ఎడమపక్క ఎదురుగా వచ్చే బండ్లు. ఆపితే రోడ్డు మధ్యలోనే ఆపాలి.

"ఇక్కడే, ఈ దారిలోనే" అన్నాడు ఒల్మన్ చివరికి, "ఒకడు ఆపాడు. నేను మీకు మొగుణ్ణి కాకముందు. టైరు పంక్చరైంది వాడికి. దిగి, జాకీ పెట్టుకుంటున్నాడు. ఇలాంటి మంచే. నా ముందు రీగో లారీ పోతోంది. మీకు తెలుసు రీగో, మన పెళ్ళికి పంది తెచ్చాడే. వాడు చూసేలోపే అయిపోయింది. నేను వెనకనుంచి వచ్చి దిగాను. ఆ మనిషి మీద నా కోటు కప్పాను. ఇంకా స్పానరు చేతిలోనే ఉంది వాడికి."

"నాకెప్పుడూ చెప్పలేదు మీరు."

"చెబితే ఈ కొండ ఎక్కేవాళ్ళా?"

దినోరా నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగే మీట నొక్కింది. టకటకమని చప్పుడు మొదలైంది. నాకు ప్రార్థన కూడా గుర్తురాలేదు. ఒకరికి ఆగడమంటే భయం, ఇంకొకరికి సాగడమంటే భయం, వాళ్ళిద్దరి వెనకా కూర్చుని ఎవరి భయాన్ని నమ్మాలో తెలియక నేను సీటుబెల్టు పట్టుకుని ఉన్నాను.

"ఎక్కడాపమంటారు మరి?" అంది దినోరా. "ఇలా పోతే టైరు ఊడి రిమ్ము నేలకి తగులుతుంది. అప్పుడు నేను పట్టుకోలేను."

"రెండో గేరులోనే ఉంచండి. బ్రేకు గట్టిగా తొక్కకండి. ఎడమపక్క రాతిగోడ వచ్చిందా?"

"వచ్చింది."

"అది అయిపోగానే గట్టి మలుపు ఉంటుంది, కుడికి. అది తిరిగాక లోయ వైపు వెడల్పు చోటు. మేం బ్రేకులు చల్లార్చుకునేవాళ్ళం అక్కడ. రెండు లారీలు పడతాయి."

మలుపు వచ్చింది. ఆయన దానికి ముందే ఆ వైపుకి ఒరిగాడు, ఒంటికి తెలిసినట్టుగా. దినోరా నడకకన్నా కొంచెమే ఎక్కువ వేగంతో తిప్పింది. కుడిపక్కకి తీయబోయింది.

"ఉంది కదూ?" అన్నాడు.

ఆమె స్టీరింగ్‌ని ఒక్కసారిగా వెనక్కి లాగింది. నేను కిటికీలోంచి చూశాను. ఎర్రమట్టి, రెండు నారింజరంగు పీపాలు, వాటిమధ్య కట్టిన రిబ్బను గాలికి ఊగుతోంది. దాని వెనక మంచు, పైనా మంచే, కిందా మంచే. ఆ చోటు కొండచరియతో పాటు ఎప్పుడో కిందికి పోయింది. వెనక చక్రం మట్టి అంచుని తొక్కి జారినట్టయింది. మళ్ళీ తారు మీదికి ఎక్కింది.

"ఏమైంది?" అన్నాడు ఒల్మన్.

"లేదు."

"ఏం లేదు?"

"మీ చోటు లేదు. పడిపోయింది."

ఆయన చెయ్యి చాపి ఆమె మోకాలు కోసం వెతికాడు. దొరికాక అక్కడే ఉంచాడు.

అప్పుడే వెనకనుంచి హారను మోగింది. లారీ హారను, పొడుగ్గా. వెనక అద్దం నిండా పెద్ద పెద్ద దీపాలు వచ్చాయి. నేను తలుపు పిడి పట్టుకున్నాను. దూకేయాలనిపించింది, ఎటు దూకాలో తెలియలేదు. ఒల్మన్ గట్టిగా ఊపిరి పీల్చి, "ఎంత దూరంలో ఉంది?" అన్నాడు.

"మీదికొచ్చేసింది" అన్నాను నేను.

"చప్పుడు వినండి. గేరు తగ్గించి ఇంజిను మీద ఆపుకుంటున్నాడా, బ్రేకు కొడుతున్నాడా?"

నాకేం తెలుస్తుంది. ఆయనే తల పక్కకి వంచి విన్నాడు. లారీ ఇంజిను ఒకేతీరుగా గుర్రుమంటోంది, దగ్గరికి రావడంలేదు, దూరం పోవడంలేదు.

మళ్ళీ హారను. ఈసారి చిన్నగా రెండుసార్లు. తర్వాత దాని ఇండికేటర్లు రెండూ వెలిగి ఆరి, వెలిగి ఆరి.

ఒల్మన్ ముఖంలో ఏదో మారింది. "కాపు కాస్తున్నాడు" అన్నాడు. "మన టైరు చూశాడు. వెనకనుంచి ఎవడూ గుద్దకుండా అడ్డుగా వస్తున్నాడు. పోండి. అలాగే మెల్లగా పోండి."

"నిజంగానా, నన్ను నడిపించడానికి అంటున్నారా?"

ఆమె అడగడంలో తప్పు లేదు. పొద్దుటినుంచి చలి అన్న నోరే అది. ఆమె అద్దంలోకి ఒకసారి చూసి, తనే నిర్ణయించుకున్నట్టు తల ఊపి, రోడ్డు మీద దృష్టి పెట్టింది. ఆ తర్వాత ఎంతసేపు దిగామో నేను చెప్పలేను. చక్రం చప్పుడు మెత్తదనం పోయి గరగరమంది. రబ్బరు కాలిన వాసన లోపలికి వచ్చింది. ఆ లారీ మా వెనకే, అంతే ఎడంతో, ఆగని దీపాలతో వచ్చింది. దాని వెనక ఇంకా ఎన్ని బండ్లు చేరాయో, హారన్లు కొడుతూ తిట్టుకుంటున్నాయి.

చివరికి మంచు పలచబడి, ఎడమపక్క రేకుల కప్పు, పొగ, ఎర్రరంగు బల్ల కనిపించాయి. ఒక చిన్న పూటకూళ్ళ ఇల్లు. ముందు చదును చేసిన నేల. దినోరా ఎదుటివైపు ఎవరూ లేరని చూసుకుని అటు తిప్పింది. ఆగింది. బ్రేకు మీద కాలు తియ్యలేదు. ఇంజిను ఆపలేదు. లారీ కూడా మా వెనకే వచ్చి ఆగింది.

దిగినవాడు మధ్యవయసు మనిషి, పొట్టమీద బనీను ఎగదన్నుకుని ఉంది. కారు చుట్టూ తిరిగి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"దోన్యా, ఆ కుడి వెనక టైరు దివిసియోన్ దగ్గరే ఊపిరి వదిలేసింది. మీరు శవాన్ని లాక్కుంటూ వస్తున్నారు" అన్నాడు.

దినోరా అతనివంక చూస్తూనే ఉంది.

"కాలు తియ్యొచ్చు అమ్మా. వచ్చేశారు. హ్యాండుబ్రేకు వెయ్యండి."

వేసింది. ఆ తర్వాతే ఇంజిను ఆపింది. నేను నా శాలువా తీసి ఆమె భుజాలకి కప్పాను.

ఆ లారీ మనిషి పేరు అదొనై. సరిహద్దుకి సిమెంటు తీసుకుపోతున్నాడు. స్టెప్నీ తనే తీశాడు, జాకీ తనే పెట్టాడు. ఒల్మన్ తలుపు తెరిచి కాళ్ళు బయట పెట్టాడు కాని లేవలేదు. నట్లు విప్పే చప్పుడు వింటూ, "రోడ్డు వైపు ఎవరూ నిలబడకండి" అని మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. రోడ్డు అక్కడికి చాలా దూరంలో ఉంది. అదొనై ఆ మాట విన్న ప్రతిసారీ "సరే డోన్" అన్నాడు, విసుక్కోలేదు.

టైరు తీసి చూపించాడు. పక్కభాగం మొత్తం నలిగి ముద్దయింది. నడుమ ఒక బోల్టు తల మెరుస్తోంది. ఎక్కడ గుచ్చుకుందో ఎవరికి తెలుసు.

"లైటు వెలగలేదా మీకు?" అన్నాడు.

"వెలిగింది" అంది దినోరా.

"మరి?"

ఆమె మొగుడి వంక చూసింది. ఆయన చూడలేడు కాని తల వంచుకున్నాడు. చెప్పొచ్చు ఆమె. నేనైతే చెప్పేదాన్ని.

"ప్రతిసారీ వెలుగుతుంది. చలికి అనుకున్నాం" అంది.

లోపల బల్ల దగ్గర కూర్చున్నాక ఆ ఇంటామె వేడి బెల్లంనీళ్ళు తెచ్చింది. ఒల్మన్ గ్లాసు ఎత్తబోయాడు, సగం ఒలికింది. దించేశాడు. దినోరా తన గ్లాసు పక్కన పెట్టి, ఆయన గ్లాసు పట్టుకుని తాగించింది. ఆస్పత్రిలో సూది వేసినప్పుడు కూడా చేయనివ్వని పని. తాగాడు. అదొనై తను తెచ్చుకున్న రొట్టె తింటూ, వినపడనట్టు కిటికీలోంచి చూశాడు.

"ఇందాక మీ చోటు లేదన్నాను కదా" అంది ఆమె, "అప్పుడు ఏమనుకున్నారు?"

"మిమ్మల్ని నేనే తీసుకెళ్ళి అక్కడ పడేశాననుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను" అంది. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

ఊరికి చేరాక ఒక వారం ఆమె కారు దగ్గరికి పోలేదు. చేపే కొత్త టైరు వేసి, లోపలి యంత్రం సరిగ్గానే పనిచేస్తోందని, అది తొలినుంచీ నిజమే చెబుతోందని అన్నాడు. ఆ మాట విని దినోరా కొట్టుముందే నిలబడి తనే విడమరిచి చెప్పింది. చలికి ముడుచుకున్నా గాలి తగ్గినట్టే కదా, చేపే కొంచెం ఎక్కువ గాలి పెట్టి ఉంటే ఆ లైటు పైన వెలిగేదే కాదట, వెలిగితే నిజంగా ఏదో అయిందని తెలిసేదట. చేపే కూడా అది ఒప్పుకుని తలగోక్కున్నాడు. ఆమె గాలి చూసే చిన్న గేజి ఒకటి అడిగి తీసుకుంది.

డాక్టరు తేదీ దగ్గరపడింది. ఒల్మన్ వద్దన్నాడు. కన్ను పోతే పోయింది, ఇంకా ఏం చూడాలి నాకు అన్నాడు. దినోరా ఆ మాటకి గరిటె ఎత్తింది. బస్సులో వెళ్దాం అన్నాడు. ఆయన నోటినుంచి ఆ మాట రావడం నేను గోడ ఇవతలనుంచి విన్నాను.

"బస్సుకీ టైర్లే" అంది ఆమె. "దాని లైటు మనకి కనపడదు కూడా."

తెల్లవారగానే బయల్దేరారు, మధ్యాహ్నపు మంచు దిగేలోపు తిరిగి వచ్చేలా. ముద్ద దిగకపోయినా బలవంతాన తిన్నానని నాకు తర్వాత చెప్పింది. కొండ పైకి వెళ్ళారట. లైటు వెలగలేదట.

"వెలిగిందా?" అని ఒల్మన్ అడిగాడు.

"లేదు."

కాసేపయ్యాక, "ఇప్పుడు?"

"లేదు."

"దాని బల్బే పోయిందేమో."

అంతకుముందు వెలిగితే భయం, ఇప్పుడు వెలగకపోయినా భయం. ఎండ కాస్తున్న చోట, రోడ్డుకి బాగా ఎడంగా ఆపింది. ఆయన్ని లోయకి దూరంగా ఒక బండ మీద కూర్చోబెట్టింది. వెంటనే తాతగారి తమ్ముడు గుర్తొచ్చి లేపి, నిలబెట్టే ఉంచింది. వంగి, గేజితో నాలుగు టైర్లూ చూసింది. ఒక్కొక్కటి చూసి గట్టిగా చెప్పింది, ఆయన వినేలా. నాలుగూ బాగున్నాయి. బండిలో కూర్చుని తాళం తిప్పితే, ఇంజిను మొదలయ్యే ముందు అన్ని గుర్తులతో పాటు ఆ కుండబొమ్మ కూడా ఒక క్షణం వెలిగి ఆరింది. బల్బు పోలేదు.

"బాగానే ఉంది" అంది. "పదండి, పోదాం."

"మెల్లగా" అన్నాడు ఒల్మన్.